‘గ్యాస్ అయిపోయింది’ అంటే నమ్మేస్తారా?

మార్చి ముగియకముందే మన ఊళ్లలో కారు ఏసీ షాపుల ముందు బళ్లు బారులు తీరతాయి. కారు దిగుతూనే ఓనరు ‘కూలింగ్ రావట్లేదన్నా’ అంటాడు. బానెట్ ఎత్తకముందే మెకానిక్ ‘గ్యాస్ అయిపోయుంటది, కొట్టేద్దాం’ అంటాడు. అరగంటలో చల్లగాలి వచ్చేస్తుంది. ఇద్దరూ హ్యాపీ. మళ్లీ ఏడాది మార్చిలో అదే షాపు, అదే మాట, అదే బిల్లు.

ఆ మాటలోనే తప్పుంది. గ్యాస్ అయిపోదు. ఖర్చయిపోవడానికి అదేమీ పెట్రోలు కాదు. ఏసీలో ఉండే రిఫ్రిజిరెంట్ మూసేసిన గొట్టాల్లో ఆవిరవుతూ, ద్రవమవుతూ, మళ్లీ ఆవిరవుతూ చక్కర్లు కొడుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడి నుంచో బయటికి పోయిందనే అర్థం. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి అతి కొద్దిగా పోవడం మామూలే. ప్రతి వేసవికీ నింపాల్సి వస్తోందంటే మాత్రం అది కచ్చితంగా లీకు. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టే.

ఉద్యోగాల పేజీలో ఈ కారు ఏసీ గొడవేంటి అనిపిస్తోందా? కారణం ఉంది. మెకానికల్ చదివిన వారిలో చాలామంది వేపర్ కంప్రెషన్ సైకిల్‌ను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పీ-హెచ్ డయాగ్రం గీసి, సీఓపీ లెక్క కట్టి, పది మార్కులు కొట్టేస్తారు. అదే పిల్లల్ని ఎండలో నిలబెట్టిన కారు దగ్గరికి తీసుకెళ్లి ‘ఇందులో గ్యాస్ తగ్గిందా లేదా? ఎలా చెప్పగలవు?’ అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఆ డయాగ్రం, ఈ కారు ఒకటేనని ఎవరూ చెప్పలేదు మరి. రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న మనిషి సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. ఫార్ములా గూగుల్‌లో దొరుకుతుందని ఆయనకూ తెలుసు. ఒక లక్షణం చూపించినప్పుడు మీరు కారణం దాకా ఎలా నడుస్తారన్నదే ఆయనకు కావాలి. దానికి కారు ఏసీ కంటే మంచి ఉదాహరణ నాకైతే కనిపించలేదు. సీఎస్‌ఈ, ఈసీఈ వాళ్లు పేజీ తిప్పేయకండి, మీకూ ఇందులో పనుంది.

ముందు నాలుగు ముక్కల్లో సైకిల్ చూద్దాం. ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కుతుంది. వేడెక్కిన ఆ గ్యాస్ కారు ముందుభాగంలో రేడియేటర్‌కు ఆనుకుని ఉండే కండెన్సర్‌లోకి వెళ్లి, బయటి గాలికి వేడినిచ్చేసి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి దారిలో ఒక్కసారిగా పీడనం పడిపోతుంది. అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు వెనకున్న ఎవాపరేటర్‌లో, అంటే మన మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అనే దానిలో, మరుగుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. మనకు చల్లదనం అనిపించేది ఈ మరగడమే. మన రోడ్ల మీద తిరిగే ఎక్కువ కార్లలో ఇప్పటికీ ఉన్నది ఆర్-134ఏ. మామూలు వాతావరణ పీడనం దగ్గర అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. ఒక కారులో ఉండేది ఎంతో తెలుసా? చిన్న బండి అయితే అర కిలోకు అటూ ఇటూ. అంతే. అందులో వంద, నూటయాభై గ్రాములు తగ్గినా తేడా తెలిసిపోతుంది.

సగం పోయినా మీటరు చెప్పదు

ఇక్కడొక తమాషా ఉంది. ఇంజిన్ ఆపేసిన కారుకు గేజ్ తగిలించి ‘చూడండి సార్, ప్రెజర్ ఇంత ఉంది, గ్యాస్ ఫుల్లు’ అనేవాళ్లున్నారు. మీ థర్మోడైనమిక్స్ పుస్తకాన్ని ఒక్క నిమిషం గుర్తు చేసుకోండి. ద్రవం, ఆవిరి రెండూ కలిసి ఉన్నప్పుడు పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత. ఎంత సరుకుందన్నది కాదు. కారు నీడలో చాలాసేపు ఆగి ఉండి, బయట 35 డిగ్రీలుంటే ఆర్-134ఏ గేజ్ సుమారు 115 పీఎస్ఐ చూపిస్తుంది. పూర్తిగా నిండి ఉన్నా అంతే, సగం పోయినా దాదాపు అంతే. లోపల కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ముల్లు కదలదు.

వంటింట్లో సిలిండర్‌ను తలచుకోండి. 14.2 కిలోల గ్యాస్ సగానికి వచ్చినా పొయ్యి మంట మొదటి రోజులాగే ఉంటుంది. ఆఖర్లోనే సన్నబడుతుంది. అందుకే సిలిండర్ తెచ్చిన అబ్బాయి ప్రెజర్ చూపించడు, తూకం వేసి చూపిస్తాడు. కారు ఏసీలోనూ గ్యాస్‌ను నమ్మకంగా చెప్పగలిగేది తూకమే.

అయితే ఆగి ఉన్న కారు మీటరు పూర్తిగా పనికిరానిదని కాదు. అదే 35 డిగ్రీల దగ్గర ముల్లు 40, 50 దగ్గరే ఆగిపోయిందనుకోండి. లోపల ద్రవమే లేదు, ఉన్నదంతా ఆవిరేనన్నమాట. అంటే దాదాపు ఖాళీ. ‘తక్కువగా ఉంటే ఖాళీ అని తెలుస్తుంది, మామూలుగా ఉంటే నిండుగా ఉందని తెలియదు.’ ఈ ఒక్క వాక్యం ఇంటర్వ్యూలో చెప్పి చూడండి. ఎదుటి మనిషి కుర్చీలో ముందుకు జరుగుతాడు.

కారు ముందే చెబుతుంది

గేజ్ లేకుండానే చాలా తెలుసుకోవచ్చు. ఒక పద్ధతి ప్రకారం చూడాలంతే. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీని పూర్తి చల్లదనంలో, రీసర్క్యులేషన్‌లో పెట్టి, పది నిమిషాలు ఆగండి. మధ్య వెంట్‌లో ఒక థర్మామీటర్ పెట్టండి. జ్వరం చూసేది కాదు, వంటకో ల్యాబ్‌కో వాడేది. బయట 35 డిగ్రీలుంటే, ఆరోగ్యంగా ఉన్న ఏసీ నుంచి వచ్చే గాలి 10 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండాలి. గాలిలో తేమ ఎక్కువుంటే ఇంకొంచెం పెరుగుతుంది. అందుకే మేలో విశాఖలో వచ్చే అంకె, రామగుండంలో వచ్చే అంకె ఒకటి కాకపోవచ్చు. 20 దాటిందంటే మాత్రం ఏదో ఉంది.

ఇప్పుడు కంప్రెసర్ శబ్దం వినండి. పాత తరహా కంప్రెసర్ల ముందు మ్యాగ్నెట్ క్లచ్ ఉంటుంది. అది పట్టుకున్నప్పుడు ‘టక్’మంటుంది. మండే ఎండలో, కారు లోపల ఇంకా వేడిగా ఉన్నప్పుడు కంప్రెసర్ దాదాపు ఆగకుండా తిరగాలి. అలాకాకుండా కొన్ని సెకన్లకోసారి టక్ మని పట్టుకుని, వెంటనే వదిలేస్తోందంటే గ్యాస్ తగ్గిందన్న అనుమానం బలంగా పెట్టుకోవచ్చు. ఎందుకంటే గ్యాస్ తక్కువైనప్పుడు కంప్రెసర్ లాగగానే ఆ వైపు పీడనం పడిపోతుంది. ప్రెజర్ స్విచ్ ‘ఇక చాలు’ అని క్లచ్‌ను వదిలిస్తుంది. ఆగగానే పీడనం పుంజుకుంటుంది, స్విచ్ మళ్లీ ఆన్ చేస్తుంది. ఈ దాగుడుమూతలే ఆ టక్ టక్. కారు లోపల బాగా చల్లబడ్డాక కంప్రెసర్ ఆగి ఆగి పనిచేయడం సహజం, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. కొన్ని కొత్త మోడళ్లలో కంప్రెసర్ తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి ఆ శబ్దమే ఉండదు. అక్కడ ఈ పరీక్ష పనిచేయదు.

తర్వాత బానెట్ కింద రెండు అల్యూమినియం గొట్టాలు చూడండి. క్యాబిన్ గోడలోకి వెళ్లేది సన్నటి గొట్టం, బయటికి వచ్చేది లావుపాటి గొట్టం. లావుది ముట్టుకుంటే చల్లగా, చెమట పట్టిన మజ్జిగ గ్లాసులా ఉండాలి. గ్యాస్ తగ్గితే అది మామూలు వేడికి వచ్చేస్తుంది. లోపలికి పోతున్న కాస్త ద్రవం కాయిల్ మొదట్లోనే మరిగిపోతుంది. మిగతా కాయిల్ అంతా ఊరికే వేడి ఆవిరితో నిండి ఉంటుంది. పుస్తకంలో చదువుకున్న సూపర్‌హీట్ పెరగడమంటే ఇదే. కొన్ని కార్లలో ఎడమ వెంట్, కుడి వెంట్ మధ్య తేడా రావడానికి కూడా ఇది ఒక కారణం. కాయిల్‌లో ఒక భాగమే చల్లబడుతోంది కాబట్టి ఒకవైపు చల్లగా, ఇంకోవైపు గోరువెచ్చగా గాలి వస్తుంది. ముట్టుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బెల్టు, ఫ్యాన్ దరిదాపుల్లోకి చున్నీ, చొక్కా చేతులు పోనివ్వకండి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా హఠాత్తుగా తిరుగుతుంది.

ఇంకో వింత. గ్యాస్ తగ్గితే కొన్నిసార్లు మంచు గడుతుంది. తక్కువైతే చల్లదనం తగ్గాలి కదా, మంచేంటి? 134ఏ పీడనం సుమారు 28 పీఎస్ఐకి పడిపోయినప్పుడు అది మరిగేది సున్నా డిగ్రీల దగ్గర. గ్యాస్ తగ్గి పీడనం అంతకంటే కిందికి జారితే కాయిల్ మొదటి భాగం సున్నా కంటే చల్లబడుతుంది. గాలిలో తేమ అక్కడే గడ్డకడుతుంది. మంచు గాలికి అడ్డం పడుతుంది. కాస్త దూరం పోయాక గాలి బలం తగ్గి, ఏసీ ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుండటం ఇలాంటప్పుడే చూస్తుంటాం. గ్యాస్ కాకుండా కాయిల్ దగ్గరి టెంపరేచర్ సెన్సర్ చెడిపోయినా మంచు కడుతుంది. కాబట్టి మంచు చూడగానే తీర్పు ఇచ్చేయకూడదు.

కారు కింద నీళ్లు కారడం తగ్గిందని కూడా కొందరు చెబుతారు. కాయిల్ సరిగా చల్లబడకపోతే తేమ నీరుగా మారడం తగ్గే మాట నిజమే. అయితే పొడి ఎండల్లో మంచి ఏసీ కూడా పెద్దగా నీళ్లు కార్చదు. దీన్ని సాక్ష్యంగా కాదు, సందేహంగానే తీసుకోండి.

జ్వరం ఒకటే, జబ్బులు వేరు

అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ‘సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి, హైవే ఎక్కితే చల్లగాలి.’ ఈ లక్షణం చాలామంది చెబుతారు. గ్యాస్ తక్కువైనా ఇలాగే ఉంటుంది. వేగంగా వెళ్లినప్పుడు కంప్రెసర్ కూడా వేగంగా తిరిగి ఉన్న కాస్త గ్యాస్‌నే ఎక్కువసార్లు తిప్పుతుంది కాబట్టి. కండెన్సర్ ముందున్న ఫ్యాన్ చెడిపోయినా ఇలాగే ఉంటుంది. ఆగినప్పుడు గాలి తగలదు, వేగంలో గాలే వచ్చి కొడుతుంది కాబట్టి. కండెన్సర్ రెక్కల నిండా దుమ్ము పట్టినా అంతే. మూడింటికీ గ్యాస్ కొట్టేస్తే ఏమవుతుంది? ఫ్యాన్ పోయిన కారులో అప్పటికే ఎక్కువగా ఉన్న పీడనం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ గేజ్ రెండు ముళ్లూ కలిపి చదవాలి. 35 డిగ్రీల ఎండలో, ఇంజిన్ కాస్త రేజ్ చేసి ఉంచితే తక్కువ వైపు 30 నుంచి 45, ఎక్కువ వైపు 180 నుంచి 240 పీఎస్ఐ మధ్య ఉండటం ఒక మోటు లెక్క. మోడల్‌ను బట్టి మారుతుంది, కంపెనీ మాన్యువల్‌దే తుది మాట. రెండు ముళ్లూ కిందికి పడిపోతే గ్యాస్ తక్కువ. రెండూ పైకి లేస్తే ఫ్యాన్, దుమ్ము, లేదంటే గ్యాస్ ఎక్కువ నింపేయడం. తక్కువ వైపు పెరిగి, ఎక్కువ వైపు తగ్గిందంటే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. తక్కువ వైపు వాక్యూమ్‌లోకి జారిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డం పడింది. ఇక గాలి చల్లగానే ఉంది కానీ సన్నగా వస్తోందనుకోండి. గ్యాస్‌తో సంబంధమే లేదు. గ్లవ్ బాక్స్ వెనకున్న ఏసీ ఫిల్టర్ తీసి చూస్తే ఏడాది దుమ్మంతా అక్కడే దొరుకుతుంది. దీనికీ గ్యాస్ బిల్లు కట్టిన వారు నాకు తెలుసు.

మా బాబాయి కారు సంగతే చెబుతా. వరసగా మూడు వేసవులు ఇంటి దగ్గరి షాపులో గ్యాస్ కొట్టించాడు. ప్రతిసారీ ‘ఎండలు బాబూ, ఎక్కువ తాగేస్తోంది’ అని చెప్పారట. తాగడానికి అదేమైనా చెరుకు రసమా! నాలుగో ఏడాది వేరే చోటికి తీసుకెళ్లాం. అక్కడి కుర్రాడు ముందుగా టార్చ్ వేసి గొట్టాల జాయింట్లన్నీ చూశాడు. కండెన్సర్ దగ్గర ఒకచోట జిడ్డుగా, దుమ్ము అంటుకుని నల్లగా ఉంది. ‘ఇదే’ అన్నాడు. నైట్రోజన్ పట్టించి సబ్బు నురగ పూస్తే బుడగలొచ్చాయి. పోయింది ఒక ఓ-రింగు. పదుల రూపాయల వస్తువు. అతను వెతికింది గ్యాస్‌ను కాదు, నూనెను. కంప్రెసర్‌కు కావాల్సిన నూనె రిఫ్రిజిరెంట్‌లో కలిసే తిరుగుతుంది. గ్యాస్ కారిన చోట అది గాలిలో కలిసిపోయినా, నూనె జాడ వదిలి పోతుంది.

గ్యాస్ తగ్గిన ఏసీని అలాగే లాగించడం ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. నూనెను మోసుకుపోయే గ్యాసే తగ్గితే కంప్రెసర్‌కు నూనె సరిగా తిరిగి రాదు. చల్లగా తిరిగొచ్చే ఆవిరి తగ్గి కంప్రెసర్ వేడెక్కుతుంది. చివరికి పట్టేస్తుంది. అలా పట్టేసిన కంప్రెసర్ లోహపు రజనును గొట్టాల నిండా వదులుతుంది. అప్పుడు బిల్లు పదివేలు దాటుతుంది. పదుల రూపాయల ఓ-రింగు ఎక్కడ, ఇదెక్కడ?

మెకానిక్‌లను మాత్రమే తిట్టడం నాకు ఇష్టం లేదు. సరైన పద్ధతి ఏమిటో చాలామందికి తెలుసు. ఉన్న గ్యాస్‌ను మెషీన్‌తో వెనక్కి తీసి తూకం వేయాలి. లీకు వెతికి బాగుచేయాలి. కనీసం అరగంట వాక్యూమ్ వేసి, ముల్లు నిలబడుతోందో లేదో చూడాలి. అప్పుడు స్టిక్కర్ మీద రాసిన గ్రాములు తూచి నింపాలి. ఆ మెషీన్ ఖరీదు చిన్న షాపుకు భారం. పైగా ‘లీకు వెతకడానికి రెండు గంటలు పడుతుంది, దానికి ఇంత’ అంటే బేరమాడేది మనమే. చల్లగాలికి డబ్బులిస్తాం కానీ, తనిఖీకి ఇవ్వడానికి చేతులు రావు. తూకం లేకుండా ‘చల్లగా వచ్చేదాకా కొట్టు’ అనే పద్ధతికి మనమూ వాటాదారులమే. అలా నింపితే ఎక్కువ పడే ప్రమాదం కూడా ఉంది. కండెన్సర్‌లో ద్రవం పేరుకుపోయి పీడనం పెరిగి, చల్లదనం తగ్గుతుంది. అప్పుడు ఆ లక్షణాన్ని కూడా ‘గ్యాస్ తక్కువ’ అనే అంటారు!

చౌక సిలిండర్ల సంగతి ఇంకా దారుణం. 134ఏ పేరుతో కల్తీ గ్యాస్ అమ్మే దందా ప్రపంచమంతా ఉంది. ఆ కల్తీలో మిథైల్ క్లోరైడ్ ఉంటే అది అల్యూమినియంతో చర్య జరుపుతుంది. 2011లో ఓడల మీద సరుకు మోసే కొన్ని శీతల కంటెయినర్లు పేలింది ఇలాంటి కల్తీ వల్లే. కొన్నిచోట్ల మండే హైడ్రోకార్బన్ గ్యాస్‌ను నింపేస్తుంటారు. కారు లోపల, మీ మోకాళ్ల ముందున్న కాయిల్‌లో లీకైతే ఏమవుతుందో ఆలోచించండి.

గాల్లో కలిసిన గ్యాస్ ఎక్కడికీ పోదు. 134ఏకు భూతాపాన్ని పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 1,430 రెట్లని లెక్క. అర కిలో పోయిందంటే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఒక లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోలు వస్తుంది. అంటే దాదాపు 300 లీటర్ల పెట్రోలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారులో హైదరాబాద్ నుంచి తిరుపతికి నాలుగుసార్లు వెళ్లొచ్చినంత పొగ, కారు కదలకుండానే. అందుకే 2016లో కిగాలీలో దేశాలన్నీ ఈ తరహా వాయువులను తగ్గించాలని ఒప్పుకున్నాయి. భారత్ 2021లో ఆమోదించింది. 2028లో మన వాడకానికి గీత గీసి, 2032 నుంచి తగ్గించుకుంటూ 2047 నాటికి 85 శాతం కోత పెట్టాలి. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో 134ఏ లేనే లేదు. దాని స్థానంలో వచ్చిన ఆర్-1234వైఎఫ్ వేడి పెంచే శక్తి నాలుగు లోపే. కాకపోతే అది కొద్దిగా మండే గుణమున్నది, ఖరీదైనది. పాతదాన్ని, దీన్ని కలపకూడదు.

ఉద్యోగాల కోణం ఇక్కడుంది. గ్యాస్ మారుతోంది, పనిముట్లు మారుతున్నాయి, నేర్చుకున్న మనిషి కొరత అలాగే ఉంది. 2019లో కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకోవడం ఊరికే కాదు. 2025లో లారీ డ్రైవర్ల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయి. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీ ఫ్యాక్టరీలున్నాయి. వీటన్నింటా లీకు పరీక్ష, గ్యాస్ తూకం, క్వాలిటీ చెకింగ్ రోజువారీ పనులు. బీటెక్ చదివి గేజ్ పట్టుకోవాలా అని ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట. సర్వీస్, వారంటీ, టెస్టింగ్ విభాగాల్లో ఐటీఐ టెక్నీషియన్ చెప్పింది అర్థం కాని ఇంజినీరు ఎక్కువ రోజులు నిలబడలేడు. మ్యానిఫోల్డ్ గేజ్ సెట్ కొన్ని వేలకే దొరుకుతుంది. మన కాలేజీలు ల్యాబ్‌లో ఒక పాత కారు ఏసీ, ఒక గేజ్ సెట్ పెట్టడానికి దేనికి వెనకాడుతున్నాయో నాకు అర్థం కాదు. వార్షికోత్సవం స్టేజీ డెకరేషన్‌లో పదో వంతు కాదు ఆ ఖర్చు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ విషయం ఇంకా పెద్దదైంది. చాలా ఈవీల్లో ఇదే రిఫ్రిజిరెంట్ ఒక చిల్లర్ ద్వారా బ్యాటరీని కూడా చల్లబరుస్తుంది. గ్యాస్ తగ్గితే మనకు చెమట పట్టడమే కాదు, బ్యాటరీ వేడెక్కి ఫాస్ట్ చార్జింగ్ వేగం పడిపోతుంది. ‘చార్జింగ్ స్లో’ అన్న ఫిర్యాదు వెనక ఒక ఓ-రింగు ఉండొచ్చు! అక్కడ కంప్రెసర్ వందల వోల్టుల కరెంటుతో నడుస్తుంది. మామూలు కారు నూనె కొంచెం కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది, దానికి వేరే నూనె ఉంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి శిక్షణ లేకుండా వెళ్లొద్దు.

ప్రాజెక్టు వెతుకుతున్నారా?

ఫైనలియర్‌లో ఇంకా ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమే చేద్దామనుకునేవాళ్లకు ఇది చూపిస్తున్నా. డీఎస్18బీ20 అనే టెంపరేచర్ సెన్సర్లు నాలుగు తీసుకోండి. ఒక్కొక్కటి వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో అర డిగ్రీ కచ్చితత్వంతో పనిచేస్తుంది. ఒకటి ఎడమ వెంట్‌లో, ఒకటి కుడి వెంట్‌లో, ఒకటి బయటి నీడలో, ఇంకొకటి ఆ లావుపాటి గొట్టానికి ఇన్సులేషన్ టేపు చుట్టి. ఒక ఈఎస్‌పీ32 బోర్డుతో సెకనుకోసారి రికార్డు చేయండి. కారు వైరింగ్ ఒక్కటి కూడా కోయక్కర్లేదు. కంప్రెసర్ వచ్చి పోతుంటే గొట్టం ఉష్ణోగ్రత రంపపు పళ్లలా పైకీ కిందికీ ఊగుతుంది. ఆ పళ్ల మధ్య దూరం, రెండు వెంట్ల తేడా, బయటికీ లోపలికీ తేడా... ఈ మూడింటితో గ్యాస్ తగ్గిన కారును, ఫ్యాన్ చెడిన కారును, మామూలు కారును విడదీయగలరా? ఇది నిజమైన క్లాసిఫికేషన్ సమస్య. డేటాసెట్ ఇంటర్నెట్‌లో రెడీగా ఉండదు, మీరే పోగుచేయాలి. మీ వీధిలో ఏసీ షాపు మెకానిక్‌ను బతిమాలి, రిపేరుకు వచ్చిన పది కార్లకు ముందు, తర్వాత రికార్డు చేసుకోండి. ఆయన తీసి తూచిన గ్రాములే మీ లేబుల్. రెజ్యూమెలో ఆ పది కార్ల గురించి అడిగితే పావుగంట ఆగకుండా మాట్లాడగలరు.

ఒక హెచ్చరిక. ప్రాజెక్టు మోజులో గ్యాస్ గొట్టాల నట్లు మీరే విప్పకండి. ద్రవ రిఫ్రిజిరెంట్ చర్మం మీద పడితే అక్కడికక్కడే గడ్డకట్టించేస్తుంది. కంటిలో పడితే చూపుకే ముప్పు. అది గాలి కంటే బరువైనది, మూసిన గదిలో నేల మీద పేరుకుని ఊపిరాడనివ్వదు. కొలవడం మీ పని, విప్పడం శిక్షణ ఉన్నవారి పని.

ఇంట్లో కారుంటే, లేదా మావయ్యదో పక్కింటి క్యాబ్ అన్నదో ఉంటే బానెట్ ఎత్తి చూడండి. ముందువైపు అడ్డపట్టీ మీదో, బానెట్ లోపలి వైపో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. గ్యాస్ రకం, ఎన్ని గ్రాములో దాని మీదే రాసి ఉంటుంది. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఈసారి షాపులో ‘గ్యాస్ అయిపోయింది’ అన్నప్పుడు మర్యాదగా రెండే అడగండి. ఎన్ని గ్రాములు బయటికి తీశారన్నా? లీకు ఎక్కడ దొరికింది?